చాపల మీద ఊరు

పైడమ్మ పోయిందని ఫోను వచ్చేసరికి నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. ఫోను చేసింది ఆమె మనవరాలు. ఆ పిల్లకి నేనెవరో తెలియదు. నానమ్మ ఫోనులో నా నంబరు ఉంది కాబట్టి చేసింది. గాజువాకలో బస్సెక్కి, సబ్బవరంలో దిగి, కొత్తగా వేసిన కాలనీ ఎక్కడో నలుగురినీ అడిగి నేను చేరేసరికి పైడమ్మని తీసుకుపోవడం కూడా అయిపోయింది. ఇల్లు కడుగుతున్నారు. గోడకి వేలాడే పెద్ద టీవీ మీద తువ్వాలు కప్పి ఉంది. కోడలి తరఫు చుట్టం ఒకామె నాకు కుర్చీ వేసి, "మీరు ముసలమ్మగారికి ఏటవుతారమ్మా?" అని అడిగింది. "పక్కింటిదాన్ని" అన్నాను. ఆమె కిటికీలోంచి అటూ ఇటూ చూసింది. ఒక పక్క ముళ్ళకంపలు మొలిచిన ఖాళీ స్థలం. రెండో పక్కింటి ఇల్లాలు మా ఎదురుగానే బిందెతో నీళ్ళు మోస్తోంది. "ఏ పక్కమ్మా?" అంది ఆమె. ఆమె తప్పేమీ లేదు. కాసేపు కూర్చుని, ఎవరూ గమనించకుండా లేచి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఆ మాటకి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరున్నారా అని వెతుక్కున్నాను. ఎవరూ తగల్లేదు.

మా ఊరి పేరు ఇసకగరువు. ఒకటే వీధి. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, వీధి చివర సముద్రం. మా ఇంటికీ పైడమ్మ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆమె రోట్లో పచ్చడి నూరుతుంటే మా గూట్లో గిన్నెలు కదిలేవి. నేను కాపరానికి వచ్చిన వేసవిలోనే ఆమె కూడా ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఇద్దరికీ చదువు లేదు, ఇద్దరికీ అత్తలంటే భయం. అంతకన్నా స్నేహానికి ఏం కావాలి? తర్వాత ఫ్యాక్టరీ వస్తుందన్నారు. భూములు పోయాయి, ఇళ్ళు పోయాయి, లారీలు వచ్చి సామాన్లతోపాటు మమ్మల్ని ఎక్కించుకుపోయాయి. ఆ సంగతులన్నీ చదువుకున్నవాళ్ళు రాశారు. తల నెరిశాక, కాలనీలో సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. అంత పెద్ద కథ నా చేతికి లొంగదు. నేను రాయగలిగింది ఒక గది గురించి, ఆదివారం సాయంత్రాలు ఆ గదిలో పరిచిన చాపల గురించి.

గాజువాక దగ్గర కాలనీలో మాకు స్థలాలు చీటీలు తీసి ఇచ్చారు. చీటీకి ఎవరి పక్కన ఎవరుండేవారో తెలియదు కదా. పైడమ్మకి ఎక్కడో చివరి సందులో వచ్చింది, మాకు రోడ్డుకి దగ్గరగా వచ్చింది. కొందరికి వేరే కాలనీలోనే వచ్చింది. నీళ్ళ కొళాయి దగ్గర కలిస్తే పలకరించుకునేవాళ్ళం, అంతే. మా పక్కింటివాళ్ళు ఏ ఊరివాళ్ళో, వాళ్ళ పక్కింటివాళ్ళు ఏ ఊరివాళ్ళో. మంచివాళ్ళే. కానీ మా అత్త చనిపోయేదాకా వాళ్ళని "ఆ పొరుగూరోళ్ళు" అనే అంది.

మా ఆయన పోర్టులో ఖలాసీ. ఓడల నుంచి సరుకు దించే పని. ఆయన ఒక సాయంత్రం రిక్షాలో టీవీ తెచ్చాడు. చెక్క తలుపులు పెట్టిన నలుపు తెలుపు టీవీ. దాని కోసం మేడ మీద వెదురు బొంగు కట్టి ఏంటీనా పెట్టాడు. సముద్రం గాలి గట్టిగా వీస్తే ఏంటీనా తిరిగిపోయేది, టీవీలో బొమ్మలు వానలో తడిసినట్టయ్యేవి. ఆయన పైకెక్కి బొంగు తిప్పుతూ "వొచ్చినాదా?" అని అరిచేవాడు. కింద నుంచి మేము "రానేదు, రానేదు... ఆఁ, వొచ్చినాది, ఎలిపోనాది" అని అరిచేవాళ్ళం. వీధిలో పోయేవాళ్ళు మా ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకి వచ్చిందనుకునేవారు.

ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వచ్చేది. మొదటి ఆదివారం నేను మా ఊరి ఆడవాళ్ళందరికీ కబురు చేశాను. అన్ని సందుల నుంచీ వచ్చారు, బస్సెక్కి కూడా వచ్చారు. గచ్చు కడిగి తాటాకు చాపలు పరిచాను. వేరుశనక్కాయలు ఉడకబెట్టాను. అందరూ వచ్చి ఎక్కడ చోటుంటే అక్కడ కూలబడ్డారు. మా అత్త గోడకి ఆనుకుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. ఆమెకి అప్పటికే కళ్ళకి పొర కమ్మింది, మనుషులు నీడల్లా తెలిసేవారు. చుట్ట తీసి, "ఎవులే నా ముందున్నది?" అంది.

"నానే పిన్నీ, నూకాల్ని."

"నూకాలి ఇల్లు ఊరి మొదల్లో కదే? ఇక్కడికెలాగొచ్చినావు? ఎల్లి నీ ఇంటికాడ కూకో. కంటికానని ముసిల్దాన్ని, ఎవులు ఏ పక్కనున్నారో నాకేటి తెలుస్తాది?"

అందరూ నవ్వారు. నూకాలు నవ్వించడంలో అందరికన్నా ముందుండేది. లేచి పైట దులుపుకుని, "సరే పిన్నీ, ఎల్తన్నాను, తోవలో ఏటైనా తేవాలా?" అంటూ గుమ్మం దాకా నడిచి, గడప మీద కూర్చుంది. అది చూసి ఎదురింటి ఎర్రయ్యమ్మ లేచి అవతలి చాప మీదికి వెళ్ళింది. తర్వాత ఇంకొకరు. ఎవరూ చెప్పకుండానే, సినిమా మొదలయ్యేలోపు, మా హాల్లో ఇసకగరువు కుదురుకుంది. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వీధి. గడప దగ్గర ఊరి మొదలు, సముద్రం ఉండాల్సిన చోట టీవీ. పైడమ్మ వచ్చి నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. మా అత్త తృప్తిగా చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఇక ఏ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకి తెలుసు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. పిల్లలు మధ్యలోకి వస్తే "వీధిలో కూకోకండి, బండొత్తాది" అని అదిలించేవాళ్ళం. ఎవరైనా ఒక ఆదివారం రాకపోతే ఆ చోట ఎవరూ కూర్చునేవారు కాదు. నూకాలికి గడప మీద నుంచి తలుపు అడ్డం వచ్చి టీవీ సగమే కనిపించేది. ముందుకు జరగమంటే జరిగేది కాదు. "నాకు సగం సినేమా సాలు. ఈరోయిన్ కనబడతాది, ఈరో కనబడడు. మంచిదేలే, ఆడేటి సేత్తాడు, ఎలాగూ తన్నులాటే కదా" అనేది. మా అత్త పోయిన తర్వాత కూడా పద్ధతి మారలేదు. ఆమె చోట ఆమె చుట్టల డబ్బా పెట్టేదాన్ని. పొగాకు వాసన చాలాకాలం ఆ మూల నుంచి పోలేదు.

హిందీ మాలో ఎవరికీ రాదు. వన్‌టౌన్ నుంచి వచ్చి మెయిన్‌రోడ్డు మీద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ భార్య ఖాతూన్ బీని నేనే పిలిచాను. మొదటిరోజు ఆమె పాపం తెలియక మధ్య చాప మీద కూర్చుంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఊళ్ళో ఇల్లు లేని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి పైడమ్మే, "మా ఇద్దరి ఇళ్ళకీ కలిపి అరుగుండేది కదే, ఆ అరుగు మీద కూకోబెట్టు" అంది. అలా ఖాతూన్ బీ మా ఇద్దరి ముందు, కాస్త ఎడంగా కూర్చుని, తెరలో వాళ్ళు మాట్లాడినదంతా మాకు తెలుగులో చెప్పేది. హీరో తల్లి కన్నీళ్ళు పెట్టుకుని ఎంతోసేపు మాట్లాడేది. ఖాతూన్ బీ, "అన్నం తినమంటాంది" అనేది. "అంతసేపు ఏడిసి, అన్నం తినమనడానికేటి?" అని ఎర్రయ్యమ్మ. "నీ కొడుకు తినకపోతే నువ్వు ఏడవవేటి?" అని ఖాతూన్ బీ. సినిమా మొదట్లో పేర్లు వేసేవారు. మాకు అక్షరాలు రావు కాబట్టి మాకు అది మాటల సమయం. ఎవరింట్లో చేపలు ఎలా కుదిరాయి, ఎవరి కోడలు నెల తప్పింది, అన్నీ ఆ పేర్లు పోయేలోపే చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు తెలుగు సినిమాలకి పడే పేర్లు నేను చదవగలను. చదువుతాను కూడా. పక్కన మాట్లాడేవాళ్ళు లేరు, ఇంకేం చెయ్యను?

అన్నిటికన్నా బాగుండేవి కరెంటు పోయిన సాయంత్రాలు. దీపం వెలిగిస్తానంటే ఎవరూ వెలిగించనిచ్చేవారు కాదు. చీకట్లో ఎవరి చోట వాళ్ళు. టీవీ వైపు నుంచి ఎవరో, "ఇవాళ కెరటం పెద్దదే" అనేవారు. "వలలు లోపలెట్టీసినారా?" అని ఇంకొకరు అడిగేవారు. నూకాలు గడప మీద నుంచి, "ఊళ్ళోకి ఎవుడో కొత్త మనిషొత్తన్నాడు, జాగర్త" అనేది. చూస్తే మా ఆయన పోర్టు నుంచి వస్తూ ఉండేవాడు. మాకు నవ్వు ఆగేది కాదు. కరెంటు రాగానే గోడలూ కేలెండరూ కనబడి అందరూ ఒక్కసారి గమ్మున అయిపోయేవారు.

ఊరు పోగొట్టుకున్న ఇళ్ళకి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చినవాళ్ళకి వచ్చింది, రానివాళ్ళకి రాలేదు. ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో మాకు అర్థమయ్యేది కాదు. పైడమ్మ కొడుకు రమణ పిలుపు వస్తుందని వేరే పనిలో కుదురుకోకుండా ఎదురుచూశాడు. పోస్టుమేన్ సైకిలు చప్పుడైతే అన్నం ముందు నుంచి లేచి బయటికి వచ్చేవాడట. పైడమ్మ ఆ సంగతి చెబుతూ నవ్వేది, నవ్వుతూ కళ్ళు తుడుచుకునేది.

ఒక ఆదివారం సినిమా మధ్యలో నూకాలు లేచింది. ఆమె కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కొత్త స్టీలు డబ్బా నిండా లడ్డూలు తెచ్చింది. ఊళ్ళో పంచినట్టే వీధి వెంట నడుస్తూ, ఇంటింటి ముందూ వంగి పంచుతూ వచ్చింది. పైడమ్మ దగ్గరికి వచ్చి రెండు పెట్టింది. నూకాలికి ఎవరి ముందైనా నవ్వించకుండా ఉండడం చేతకాదు. "మీవోడికీ వొత్తాదిలే పైడీ. ముందు ఆ గెడ్డం గీసుకోమను. ఆ మొకం సూసి ఆఫీసరు జడుసుకుంటాడు" అంది. ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. నాకు పైడమ్మ భుజం బిగుసుకోవడం తెలిసింది.

పైడమ్మ లడ్డూలు రెండూ చాప మీద పెట్టింది. "నా కొడుకు గెడ్డం నీకెందుకే?" అంది మెల్లగా.

"ఓలమ్మో, ఎకసెక్కానికన్నానే!"

"నీ కడుపు నిండిపోనాది, నీకు ఎకసెక్కాలొత్తాయి. మాకు రావు."

లేచి వెళ్ళిపోయింది. నూకాలు వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి పిలిచింది, పైడమ్మ తిరిగి చూడలేదు. తెరలో ఎవరో పాడుతున్నారు. ఖాతూన్ బీ ఆ పాటకి అర్థం చెప్పలేదు, మేమూ అడగలేదు.

తర్వాత నేను ఆ చివరి సందుకి ఎన్నిసార్లు తిరిగానో. వెళ్ళినప్పుడల్లా పైడమ్మ టీ ఇచ్చేది, పీట వేసేది. రమ్మంటే మాత్రం, "నూకాలుంటే నాను రాను" అనేది. "నూకాలు రాకపోతే ఊరెలాగవుద్దే?" అంటే, "అదే నానూ అంటన్నాను. దాన్ని మానమనలేవు కదా. మరి నన్నొగ్గీ" అనేది. ఇటు నూకాలేమో, "నాను తప్పంటే తప్పే. దాని కాళ్ళట్టుకోమన్నా అట్టుకుంటాను. ఇంటి ముందుకెలితే తలుపేసీసినాదే" అని ఏడ్చేది. ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో రమణ ఉద్యోగం కూర్చుని ఉంది. దాన్ని కదపడం నా వల్ల ఎక్కడవుతుంది?

నా పక్కన చోటు అలాగే ఉంచాను. ఒకసారి ఎర్రయ్యమ్మ చెల్లెలు వచ్చి ఆ చోట కూర్చోబోతే ఎర్రయ్యమ్మే కసిరింది. "ఇల్లు పడిపోనాదని జాగా పోద్దేటే? లెగు." పిచ్చితనమే. ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. కానీ అప్పుడు నాకు ఒకటే ఆశ. మిగతా ఊరంతా కుదురుగా ఉంటే, పైడమ్మ ఎప్పుడో ఒకప్పుడు తన ఇంటికి తను రాక ఎక్కడికి పోతుంది?

ఊరే కుదురుగా లేదు. ఒకరి తర్వాత ఒకరు టీవీలు కొనుక్కున్నారు. మొదట ఎదురు వరసలో నడిమింటివాళ్ళు మానేశారు. తర్వాత సముద్రం వైపు వాళ్ళు. ఎవరూ పోట్లాడి మానలేదు. "ఇంటికాడే వొత్తాది కదే, రాత్రికి వంట ఉంది కదే" అనేవారు. నిజమే కదా. రంగుల టీవీలు వచ్చాక మా నలుపు తెలుపు కోసం బస్సెక్కి ఎవరొస్తారు? ఉన్నవాళ్ళం దగ్గరగా జరిగి కూర్చోవచ్చు. ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు. వచ్చినా ఎవరూ పైకి అనలేదు. పెద్ద గదిలో అక్కడొకరు, ఇక్కడొకరు, మధ్యలో ఖాళీ చాపలు. మాట వినపడాలంటే ఒకరికొకరు అరుచుకోవాలి. నూకాలు ఒక్కర్తే అంత దూరాన గడప మీద, సగం టీవీ చూస్తూ. "వొలే, ఎవులైనా ఉన్నారేటే ఊళ్ళో?" అని అరిచేది. ఆ మాటకి మొదట్లో నవ్వేవాళ్ళం. తర్వాత ఆమే అడగడం మానేసింది. చివరికి కొడుక్కి ఫ్యాక్టరీ క్వార్టర్సు ఇస్తే అక్కడికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆదివారం కాని రోజున వచ్చి, ఒక్కర్తే గడప మీద కాసేపు కూర్చుని వెళ్ళింది. ఎర్రయ్యమ్మ అప్పటికే మంచాన పడింది. ఇక మిగిలింది నేనూ, ఖాతూన్ బీ. మా ఆయన, "ఇద్దరికీ అన్ని సాపలెందుకే?" అన్నాడు ఒకసారి. నా మొహం చూసి మళ్ళీ అనలేదు.

అలాంటి ఒక ఆదివారం పైడమ్మ వచ్చింది.

రమణ వయసు దాటిపోయిందనీ, ఇక పిలుపు రాదనీ ఎవరో తేల్చి చెప్పారట. అతను లారీల మీద కూలికి పోతున్నాడని నాకు ముందే తెలుసు. టీవీలో పేర్లు పడుతున్నాయి. పైడమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒక నిమిషం గడప వైపు చూసి, వీధి వెంటే నడుచుకుంటూ వచ్చింది. రెండు పక్కలా ఖాళీ చాపలు చూస్తూ వచ్చింది. నా పక్కన, తన చోట కూర్చుంది. చిక్కిపోయింది. తలకి రాసిన ఆముదం వాసన మాత్రం అదే. ఖాతూన్ బీ వెనక్కి తిరిగి, "వొచ్చినావా అప్పా" అని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది.

"మిగతావోళ్ళేరే?" అంది పైడమ్మ.

"ఎవులింట్లో ఆళ్ళకి టీవీలొచ్చీసినాయి."

"ఎర్రయ్యమ్మ?"

"మంచంలో ఉంది."

"నూకాలు?"

"క్వార్టర్సుకెలిపోనాది. కొడుకు తీసుకెలిపోనాడు. ఇంక రాదని తెలిసే వొచ్చినావనుకున్నాను."

పైడమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. "అది రాదని వొచ్చినానా? దాని కోసవే వొచ్చినానే. ఎన్నాళ్ళని కోపం మోత్తాను? దానికి ఉజ్జోగం ఒచ్చినందుకు కాదు, మాకు రానందుకు తిట్టినానని సెప్పుదావని వొచ్చినాను. అది ఇంకో ఎకసెక్కం ఆడతాది, నాను ఇంకో తిట్టు తిడతాను, అయిపోద్దనుకున్నాను. తిట్టుకోడానికైనా మనిసుండాల కదే."

సినిమా మొదలైంది. ఖాతూన్ బీ, "ఆ అమ్మాయి పట్నం పోతానంటాంది, తండ్రి వద్దంటన్నాడు" అని చెబుతోంది. పైడమ్మ వింటున్నట్టే కూర్చుంది. కానీ ఆమె చూపు టీవీ మీద లేదు. చాపల మీద, ఒక్కో చోటా ఆగుతూ, ఒక్కో ఇల్లూ తడుముతోంది. చివరికి గడప దాకా వెళ్ళి ఆగింది.

"మొదటిసారి లారీలొచ్చినాయి. ఈసారి ఎవులొచ్చినారే?" అంది.

ఎవరూ రాలేదు. ఎవరూ రాకుండానే అయిపోయింది. ఆమె మోకాలు పట్టుకుని లేచింది. "కూకోవే, టీ పెడతాను" అని చెయ్యి పట్టుకున్నాను. "ఒద్దే. ఒట్టి ఊర్లో నాను కూకోనేను" అని చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది. అటుపైన వాళ్ళు సబ్బవరం వెళ్ళిపోయారు, ఏడాదికో రెండేళ్ళకో ఏ పెళ్ళిలోనో కనిపించేది. పక్కపక్కన కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. ఒంట్లో ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నావా అని ఒకరినొకరు అడిగేవాళ్ళం.

ఆ సాయంత్రం ఖాతూన్ బీ మాత్రం సినిమా అయిపోయేదాకా కథ చెబుతూనే ఉంది, నా ఒక్కదానికి. ఆపమని చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది. తర్వాతి ఆదివారం నేను చాపలు పరవలేదు. వేళకి ఖాతూన్ బీ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఉత్త గచ్చు వైపు చూసింది. ఎక్కడ కూర్చోవాలో ఆమెకి తెలియలేదు. చెప్పడానికి నాకూ తెలియలేదు. ఆమె మళ్ళీ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.